మోటారు పెట్టెలో పొంచియున్న విద్యుత్తు



గుర్రంకొండ, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతములలో టమాటాకును వేరుశనగకును బోరుబావి నీరే ప్రాణాధారము. ఆ నీటిని తోడు మోటారునకు నేడు సౌరవిద్యుత్తు కంట్రోలరులు, సెల్‌ఫోనుతో నడచు స్టార్టరులు అమర్చుచున్నారు. వీనిలోని బోర్డు చెడినచో పైరు ఎండును. తెలియక బాగుచేసినచో మనుష్యుని ప్రాణమునకే ముప్పు. కావున ఆ బోర్డుపై నేరుగా అతుకబడియుండు హైవోల్టేజి కెపాసిటరులను గూర్చి నేడు ముచ్చటింతము. మరమ్మతుపని నేర్చుకొనుచున్న యువకులు ముఖ్యముగా వినవలెనని మా కోరిక.

కెపాసిటరు విద్యుత్తును కొంతసేపు దాచియుంచు పాత్ర వంటిది. బోర్డుపై అతికించు రకములో పింగాణి పొరలును లోహపు పొరలును ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. ఈ బిళ్ళలపై సాధారణముగా ఎట్టి వ్రాతయు నుండదు. కనుక కంటికి ఒకే తీరున నున్నదని పాత బోర్డునుండి ఊడదీసిన బిళ్ళను మరియొకచోట పెట్టరాదు. చీటీ యున్న సరుకునే కొనవలెను.

మొదట వోల్టేజి లెక్క చూతము. 230 వోల్టులన్నది ఆర్.ఎం.ఎస్. కొలత మాత్రమే. కెరటము యొక్క శిఖరము 325 వోల్టులకు చేరును. మూడు ఫేజుల 415 వోల్టులను డయోడులతో ఏకముఖము చేసినచో 587 వోల్టులగును. అట్టిచోట 630 వోల్టుల బిళ్ళ చాలునని తలచుట పొరపాటు. పిడుగులు పడు వేళలందును, మోటారు ఆగు క్షణమందును వోల్టేజి ఒక్కసారిగా ఎగయును. 1000 వోల్టులది ఎంచుకొనుట వివేకము.

రెండవది పింగాణి జాతి. ఎక్స్7ఆర్ అను రకము చిన్న బిళ్ళలో ఎక్కువ విద్యుత్తును పట్టును గాని, వోల్టేజి పెరిగినకొలది దాని శక్తి తగ్గును. పూర్తి వోల్టేజివద్ద చెప్పిన విలువలో సగము కూడ మిగులకపోవచ్చును. సి0జి రకమునకు ఈ దోషము లేదు. అయితే అది చిన్న విలువలలోనే లభించును.

మూడవది పరిమాణము. 1206 బిళ్ళ పొడవు 3.2 మిల్లీమీటర్లు, దాని రెండు కొసల నడుమ ఎడము సుమారు 2 మిల్లీమీటర్లే. 1812 బిళ్ళకు ఆ ఎడము సుమారు 3 మిల్లీమీటర్లు. పొలములోని పెట్టెలో దుమ్మును తేమయు చేరినచో ఆ ఇరుకు దారిన విద్యుత్తు ప్రాకును. అందుచేత పెద్ద బిళ్ళ మేలు. అతికిన పిదప ఫ్లక్సు మరకలను కడిగి, ఆరబెట్టి, రక్షక వార్నీషు పూయవలెను.

పింగాణి వంగదు, పగులును. బోర్డును మరలతో బలవంతముగా బిగించినపుడు బిళ్ళలో కంటికి కానరాని పగులు ఏర్పడి, కొన్ని దినములకో నెలలకో షార్టు కావచ్చును. కనుక బిళ్ళను మరరంధ్రములకును బోర్డు అంచునకును దూరముగా నుంచవలెను. అంచు దగ్గర పెట్టక తప్పనిచో దాని పొడవు అంచుకు సమాంతరముగా నుండవలెను. కాచిన ఇనుమును పింగాణికి తాకింపక, ముందుగా బోర్డును మెల్లగా వేడిచేసి అతుకవలెను.

అన్నింటికంటె ముఖ్యమైన మాట యిది. కరెంటు తీగల నడుమ ఎక్స్ తరగతి కెపాసిటరులు, తీగకును ఎర్తుకును నడుమ వై తరగతి కెపాసిటరులు ఉండును. వై తరగతిది షార్టయి, ఎర్తు కూడ సరిగా లేనిచో, ఇనుప పెట్టె యంతయు కరెంటు మయమగును. తడి చేతులతో స్విచ్చి వేయవచ్చిన రైతు గతి యేమి? కావుననే వై2 తరగతిదానిని 5000 వోల్టుల తాకిడితో పరీక్షింతురు. అట్టి భద్రతాముద్ర గలదాని స్థానమున, వోల్టేజి ఎంత ఎక్కువ వ్రాసియున్నను, మామూలు బిళ్ళను పెట్టరాదు.

కరెంటు తీసివేసినంత మాత్రమున అపాయము తొలగదు. 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు 587 వోల్టులవద్ద సుమారు 81 జౌళ్ల శక్తిని దాచుకొనును. దానికి లక్ష ఓముల రెసిస్టరు తగిలించియున్నను, వోల్టేజి 60 కి దిగుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెసిస్టరే తెగియుండిన యెడల ఇంకను ఆలస్యమగును. స్క్రూడ్రైవరుతో కొసలను కలిపి మెరుపు రప్పించుట కొందరికి అలవాటు. అది కంటికిని బోర్డుకును చేటు. తగిన రెసిస్టరును ఇన్సులేషనుగల పిడితో తాకించి మెల్లగా ఖాళీ చేయవలెను.

మెయిను తీసి, సౌరఫలకల తీగనుకూడ విడదీసి, అయిదు నిమిషములాగి, మీటరుతో కొలిచి, సున్నకు చేరినదని కన్నులార చూచిన పిమ్మటనే బోర్డుపై చేయి వేయుడు. పైరుకు అయిదు నిమిషముల ఆలస్యము లెక్కలోనిది కాదు.