బీపీ: ఒక ఇంజినీరు మాటల్లో

బయాలజీ చెప్పిన సార్లు ముందు వరుసలో ఉండగా ఇంజినీరు బీపీ గురించి మాట్లాడటం సాహసమే. కాకపోతే పంపు, గొట్టాలు, ప్రెషర్‌ అన్నాక మాకూ కొంచెం హక్కుంది.

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడుతుంది. మీరిప్పుడు కుర్చీలోంచి లేస్తే అర లీటరు రక్తమైనా కాళ్లలోకి జారుతుంది. అయినా మనం పడిపోం. మెడలోని ధమనుల్లో, గుండె పైనున్న పెద్ద ధమనిలో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలున్నాయి. ఒత్తిడి తగ్గగానే మెదడుకు కబురు పోతుంది. క్షణాల్లో గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. మూత్రపిండాలది నిదానం పని. ఒత్తిడి తగ్గితే ఉప్పును, నీటిని ఒంట్లో ఆపుతాయి, పెరిగితే బయటికి పంపుతాయి.

ఇంత ఏర్పాటు ఉండి కూడా బీపీ ఎందుకొస్తుంది? చాలామందిలో ఒక్క కారణం దొరకదు. వంశం, వయసు, బరువు, ఉప్పు అన్నీ కలుస్తాయి. డబ్ల్యూహెచ్‌ఓ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. మన మామిడికాయ తొక్కు ముందు ఆ లెక్క నిలవడం కష్టమే! ఏళ్ల తరబడి ఒత్తిడి పెరిగితే సన్న నాళాల గోడలు మందమై లోపలి దారి ఇరుకవుతుంది. సన్న గొట్టం వ్యాసార్థం సగమైతే, అంతే ప్రవాహానికి 16 రెట్లు ఒత్తిడి కావాలి.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ నరాల కొసలు పెరిగిన ఒత్తిడికి అలవాటు పడతాయి. 160నే మామూలు అనుకుని దాన్నే కాపాడతాయి. చాలామందికి తలనొప్పి కూడా రాదు. గోలీలతో బీపీ దిగితే కొందరికి మొదట్లో నీరసంగా ఉంటుంది. "గోలీ పడలేదు" అని మానేస్తారు. అది చాలావరకు శరీరం పాత అంకెను వదలకపోవడమే. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కళ్లు తిరిగితే డాక్టరుకు చెప్పండి, డోసు మారుస్తారు. మీ అంతట మీరు ఆపకండి.

2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలోని తొలి 5 రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. గోలీలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మన బ్యాచ్ అంతా యాభై దాటింది. భోజనాల ముందే చూపించుకోండి. అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి కూర్చోండి. ఇన్నేళ్లకు కలిశాం కదా, ఆ మాట్లాడకపోవడమే మనకు కష్టం.