ఆర్మీనియా కొండదారుల్లో
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగరీత్యా మద్రాసులో ఉన్న పదకొండేళ్ళూ నేను ఆర్మీనియన్ వీధి మీదుగానే ఆఫీసుకు నడిచి వెళ్ళేవాణ్ణి. అక్కడి పాత చర్చి లోపలికి ఒక్కసారీ తొంగిచూడలేదు. ఆ ప్రజల దేశం చూసే అవకాశం మా అబ్బాయి పుణ్యమా అని డెబ్భై రెండో ఏట వచ్చింది.

కొండను తొలిచి మలిచిన గెఘార్డ్ మఠం దాకా మంచి రోడ్డే ఉంది. స్పితకవోర్ మఠానికి మాత్రం వెర్నషెన్ గ్రామం దాటాక రాళ్ళదారి. పాత రష్యన్ జీపులో బయలుదేరాం. ఒక మలుపులో చక్రం జారింది, పక్కనే లోయ. "వెనక్కి వెళ్దామా నాన్నా?" అన్నాడు అబ్బాయి. వద్దన్నాను. పైన 14వ శతాబ్దపు తెల్లరాతి గుడి, గడ్డిమైదానం, నిశ్శబ్దం. నడుంనొప్పి గుర్తే రాలేదు.

నేను మద్రాసులో పనిచేశానని తెలియగానే డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆర్మీనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక 'అజ్దారార్' 1794లో వెలువడింది మద్రాసులోనేనట! సిగ్గుపడ్డాను.

మర్నాడు ఖోర్ విరాప్ మఠం నుంచి 5,137 మీటర్ల అరరాత్ పర్వతం చూశాం. ఆర్మీనియన్లు ప్రాణంగా చూసుకునే ఆ కొండ నేడు టర్కీలో ఉంది. రోజూ కళ్ళెదుటే, మధ్యన మూసిన సరిహద్దు. నాకు అడ్డమేముంది? వీధి గేటే కదా!

తిరిగి రాగానే చెన్నై వెళ్ళి ఆ చర్చిలో అడుగుపెట్టాను. మీరూ దాటిపోయిన గేట్లుంటే, మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే వెళ్ళిరండి. సెలవు.