ఇద్దరి ఆట

ఈ వారం మన ప్రక్క ఊరి కుర్రవాని గురించి మాట్లాడుతాను. మురమళ్ళలో బస్సెక్కి ముమ్మిడివరం దాటితే అమలాపురం. అక్కడ 2000 సంవత్సరం ఆగస్టు 13న పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరు మీరు వినే ఉంటారు. ప్రసంగములో ఆటల వార్తలేమిటని అనుకోకండి. పౌలు భక్తుడు కొరింథువారికి వ్రాసినప్పుడు పరుగుపందెమును చూపించి మాట్లాడాడు. ఆ ఊరి దగ్గర పెద్ద క్రీడలు జరిగేవి, అది వారికి తెలిసిన ఆట. మనకు తెలిసినది షటిల్.

ఆ ఇంట్లో తండ్రిగారు వ్యాయామ ఉపాధ్యాయులు, తాను కూడ షటిల్ ఆడినవారు. అన్నయ్య కూడ ఆడేవాడు. చిన్నవాడు వారిని చూసి రాకెట్ పట్టాడు. 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. అప్పటికి పదమూడు, పద్నాలుగేళ్ళ వయస్సు. ఆ వయస్సు పిల్లవాణ్ణి దూరం పంపించిన తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు గనుక ఆ ఇల్లు ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ అసలు సంగతి వినండి. అకాడమీకి మలేషియా నుండి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హెర్, ఈ కుర్రవాణ్ణి ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో జోడీ కట్టించాడు. చిరాగ్ మూడేళ్ళు పెద్దవాడు. ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ వెనుక నుండి ఎగిరి బలంగా కొట్టేవారే. డబుల్స్ ఆటలో ఒకడు వెనుక నుండి కొడితే ఒకడు నెట్ దగ్గర కాచుకుని ఉండాలి. ఇద్దరూ వెనుకనే నిలబడితే ముందు చోటు ఖాళీ. ఇది కుదిరే జోడీయేనా అని మొదట్లో వారికే అనుమానము.

కొట్టడంలో మన కుర్రవాడు ఎంతటివాడో లెక్క ఉన్నది. 2023 ఏప్రిల్ 14న జపానులో కొలిస్తే అతని స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. (మ్యాచిలో కొట్టినది కాదు, ప్రత్యేకంగా ఏర్పాటు చేసి కొలిచినది.) అమెరికాలో బేస్‌బాల్ అనే ఆటలో బంతి విసిరేవాణ్ణి దేవుడిలా చూస్తారు. అక్కడ 2010లో ఆరోల్డిస్ చాప్మన్ విసిరిన బంతి వేగము సుమారు 170. అయితే ఆ బంతి బరువైనది. మన షటిల్ కాక్ పదహారు ఈకలు, అయిదు గ్రాముల బరువు. రాకెట్ విడిచినప్పుడు పిడుగులా పోతుంది, ఈకలకు గాలి తగిలి అంతలోనే నెమ్మదిస్తుంది. అందుకే అంత దెబ్బను కూడ అవతలివాడు ఎత్తగలడు. ఎత్తిన కాక్ ఎక్కడికి వస్తుంది? చాలాసార్లు నెట్ దగ్గరికే. అక్కడ మనవాడు నిలబడి ఉంటేనే పాయింటు. లేకపోతే 565 ఉండి ఏమి లాభం?

అందుచేత ఆ ఇద్దరూ రెండు చోట్లా నిలబడడం నేర్చుకోవలసి వచ్చింది. నీవు వెనక్కి వెళ్ళు, నేను ముందుకు వస్తానని, క్షణక్షణము చోటు మార్చుకోవడం. ఏళ్ళు పట్టే పని అది. మనము మన పిల్లలకు ఏమి చెబుతాము? చదువుకు పంపినా, గల్ఫ్‌కు పంపినా, నువ్వు ఫస్టు రావాలి అంటాము. నీ ప్రక్కవాడికి చోటియ్యి అని అనేవారు ఎందరు?

2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో రజతము, 2019లో థాయ్‌లాండ్ ఓపెన్ టైటిలు వచ్చాయి. తర్వాత టోక్యో ఒలింపిక్స్, కరోనా వలన 2021లో జరిగినవి. మనవారు మూడు మ్యాచిలలో రెండు గెలిచారు. గెలిచిన వాటిలో ఒకటి తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చి లిన్ మీద, చివరి గేము 27-25. అయినా గ్రూపు లెక్కలలో ఒక్క గేము తేడాతో ఇంటికి వచ్చేశారు. వీరి చేతిలో ఓడిన ఆ తైవాన్‌వారే చివరకు స్వర్ణపతకము వేసుకున్నారు.

దీనిని ఓటమి అందామా? సెలక్షన్ రాక తిరిగివచ్చిన పిల్లవానికి కంచంలో అన్నం పెట్టి, మాట మాత్రం పెట్టని ఇళ్ళు నాకు తెలుసు. రెండు మార్కుల తేడాకు నెల రోజులు మాట్లాడని నాన్నగారిని కూడ చూశాను. ఆ తండ్రులు నాకు చెడ్డవారుగా కనబడరు, అప్పు చేసి పంపినవారు. కాని పిల్లవానికి కనబడేది అప్పు కాదు, నాన్న ముఖము.

మరుసటి సంవత్సరం, 2022 మే నెలలో బ్యాంకాక్‌లో, భారత జట్టు మొదటిసారి థామస్ కప్ గెలిచినప్పుడు ఈ జోడీ అందులో ఉన్నది. 2023లో దుబాయిలో ఆసియా టైటిలు, అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణము, ఆ నెలలోనే ప్రపంచంలో ఒకటవ స్థానము. ఆ ఏటి ఖేల్‌రత్న పురస్కారం కూడ ఇద్దరికీ కలిపే ప్రకటించారు.

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్. మలేషియా జోడీ ఆరన్ చియా, సోహ్ వూయీ యిక్ మీద మొదటి గేము గెలిచి కూడ, తర్వాతి రెండూ పోగొట్టుకున్నారు. 2025 ఫిబ్రవరి 20న తండ్రిగారు గుండెపోటుతో కన్నుమూశారు. కొడుకు ఢిల్లీలో ఖేల్‌రత్న అందుకుంటుంటే చూడవలసిన రోజులు అవి.

ఆ ఆగస్టులోనే ప్రపంచ ఛాంపియన్‌షిప్ మళ్ళీ పారిస్‌లో, అదే హాలులో జరిగింది. క్వార్టర్ ఫైనల్‌లో ఎదురు నిలిచినదీ అదే మలేషియా జోడీ. ఈసారి 21-12, 21-19 మనవారిదే. సెమీస్‌లో ఓడి కాంస్యముతో వచ్చారు. నాన్నగారు లేని అమలాపురం ఇంటికి ఆ పతకము వచ్చింది.

ఈనాటికి సమయమైనది. వచ్చే వారము ఇదే వేళకు కలుసుకుందాము.