దారి చూపడమూ దానమే

సమస్త స్తుతులు పశ్చాత్తాపాన్ని స్వీకరించే అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కలుగుగాక!



కొంతకాలం క్రితం ఒక రాత్రి ఇషా నమాజ్ ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఒక సోదరుడు చెప్పులు విడిచేచోట నా కోసం నిలబడి ఉన్నాడు. "మౌలానా! నేను తాగుతాను. మానాలనుకుంటున్నాను. ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగాడు. మద్యం హరామ్ అనే విషయంపై గంటసేపు ప్రసంగించగల నేను ఆ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. దుఆ చేస్తానన్నాను. అతను తలవంచుకుని వెళ్లిపోయాడు. మద్యం హరామ్ అని అతనికీ తెలుసు. అతను అడిగింది దారి. దారి తప్పినవానికి దారి చూపడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆ రాత్రి నేను ఇవ్వలేకపోయిన సదఖాను ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

మద్య నిషేధం మూడు దశల్లో వచ్చిందని మీకు తెలుసు. బఖరా సూరా 219వ ఆయతు దాని లాభం కన్నా పాపమే పెద్దదని తెలిపింది. నిసా సూరా 43వ ఆయతు మత్తులో ఉండి నమాజ్‌కు రావద్దని ఆదేశించింది. చివరకు మాయిదా సూరా 90, 91 ఆయతులు దాన్ని పూర్తిగా నిషేధించాయి. ఆ ప్రకటన విన్న వెంటనే ప్రజలు పారబోసిన మద్యం మదీనా వీధుల్లో ప్రవహించింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ రోజు ఎవరూ ఒంటరిగా మానలేదు. ఒకరు పారబోస్తుంటే పక్కింటివారూ పారబోశారు. మానాలనుకునేవానికి తోడు దొరికింది. నేడు మన సోదరుడు ఆ పోరాటాన్ని మూసిన తలుపుల వెనుక ఒంటరిగా చేస్తున్నాడు.

అతన్ని ఒంటరిని చేసింది చాలావరకు మన నాలుకే. పదేపదే మద్యం సేవించి శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా, దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. ఇది బుఖారీ గ్రంథంలో ఉంది. షామ్ దేశపు ఒక మిత్రుడు తాగుడులో పడ్డాడని విన్న హజ్రత్ ఉమర్ (రజి) అతనికి అల్లాహ్ క్షమాగుణాన్ని గుర్తుచేస్తూ ఉత్తరం రాశారని, అది చదివి అతను ఏడ్చి తౌబా చేశాడని ఉల్లేఖించబడింది.

ఇక ఆ దారి గురించి వినండి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడు నిలవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహాయక బృందం మొదలైంది. నేడు మన దేశంలోనూ దాని సమావేశాలు జరుగుతున్నాయి. అక్కడ రుసుము లేదు. ఇంటిపేరు, ఊరిపేరు అడగరు. తాగుడు మానాలనే కోరిక ఒక్కటే అర్హత. మొదటిరోజు మాట్లాడకుండా వింటూ కూర్చోవచ్చు. కుటుంబ సభ్యులకు అల్-అనాన్ అనే వేరే బృందాలున్నాయి. మీ దగ్గర ఏ సహాయం లభిస్తుందో తెలుసుకోవడానికి వ్యసన విముక్తి కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 14446కు ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనూ అడగండి.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలగవచ్చు. అది ప్రాణాలకే ప్రమాదం. కనుక ముందుగా వైద్యుణ్ణి కలవాలి. తర్వాత సమావేశం ఆ సంకల్పాన్ని నిలబెడుతుంది.

కొందరికి రెండు సందేహాలు కలుగుతాయి. మొదటిది, సమావేశం చర్చి ఆవరణలో జరిగితే వెళ్లవచ్చా అని. గది అద్దెకు తీసుకున్నంత మాత్రాన అది ఆరాధన కాదు. అక్కడ ఎవరైనా తమ ప్రార్థన చదివితే మీరు మౌనంగా ఉండండి, మనసులో మీ ప్రభువును వేడుకోండి. అమెరికాలోని ముస్లిములు 1989లో ఇదే పద్ధతిని ఇస్లామీ బోధనలకు అనుగుణంగా మలచుకుని మిల్లతీ ఇస్లామీ అనే బృందాన్ని ఏర్పరచుకున్నారు. రెండవది, పాపాన్ని ఇతరులకు వెల్లడించడం తప్పు కదా అని. చేసిన పాపాన్ని గొప్పగా చాటుకోవడం వేరు, దాని నుంచి బయటపడేందుకు సాయం కోరుతూ చెప్పుకోవడం వేరు. రోగి వైద్యునికి గాయం చూపడం సిగ్గుమాలినతనం కాదు.

సోదరులారా! సోదరుని లోపాన్ని కప్పిపుచ్చమంటే అతన్ని పట్టించుకోకుండా వదిలేయమని అర్థం కాదు. మొదటి సమావేశానికి అతని వెంట వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే బయట కూర్చుని ఎదురుచూడండి. అతను మళ్లీ జారిపడితే మళ్లీ తీసుకువెళ్లండి. నమాజ్ వరుసలో అతని భుజానికి మీ భుజం ఆనించండి. ఆ రాత్రి వచ్చిన సోదరుడు ఈ రోజు ఇక్కడే ఉంటే, నమాజ్ తర్వాత నేను చెప్పుల దగ్గర నిలబడి ఉంటాను. ఈసారి ఎదురుచూసేది నేను.

ఓ అల్లాహ్! వ్యసనంలో చిక్కుకున్న మా సోదరులకు విముక్తి ప్రసాదించు. వారి ఇళ్లలో ప్రశాంతతను తిరిగి నింపు. మమ్మల్ని వారిని తరిమేవారిగా కాక, వారికి దారి చూపేవారిగా చేయి. ఆమీన్.