తలుపు వేసిన గది
(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పండుగ దినములలో మనము చాల ప్రార్థనలు వినుచున్నాము. ఆరంభ ప్రార్థన, ముగింపు ప్రార్థన, కృతజ్ఞతా ప్రార్థన, భోజనమునకు ముందు ప్రార్థన. మైకు ముందు నిలువబడి ప్రార్థించువారికి మన సంఘములలో కొదువ లేదు. నూరేండ్ల పండుగకు అది తగినదే. అయితే ఈ సాయంకాలము మాకు అప్పగింపబడిన అంశము మైకు లేని ప్రార్థన. ఎవరును వినని చోట, ఎవరును చూడని వేళ, మనిషి తన దేవునితో ఒంటరిగా గడుపు సమయమును గూర్చి కొన్ని మాటలు మనవి చేసికొందుము.

మత్తయి సువార్త 6వ అధ్యాయము 6వ వచనము మీకందరికి కంఠతా వచ్చినదే. జనులు చూడవలెనని వీధుల మూలలలో ప్రార్థించువారివలె ఉండక, లోపలికి వెళ్లి తలుపు వేసికొని, కంటికి కనబడని తండ్రితో మాటలాడుమని ప్రభువు నేర్పెను. అక్కడ 'గది' అని మనము చదువు మాటకు గ్రీకు మూలములో 'తమేయోన్' అని యున్నది. ధాన్యము, నూనె మొదలగు ఇంటి సామగ్రి దాచుకొను కొట్టుగదికి ఆ పేరు. సామాన్యుల యిండ్లలో తలుపు వేసికొనుటకు వీలైన గది బహుశః అదొక్కటే. వేదాంత కళాశాలలో ఈ సంగతి చదువుకొంటిమి. పరీక్షలో వ్రాసి మార్కులును తెచ్చుకొంటిమి. దాని భావము మాత్రము మాకు చాల సంవత్సరముల తరువాత గాని తెలియలేదు.

ముందుగా గురువులమైన మా సంగతి ఒప్పుకొనవలెను. ఆదివారము ఆరాధనలు, వారము మధ్యలో గృహ కూటములు, ఒక యింట పెండ్లి, ఒక యింట సమాధి కార్యక్రమము, మరియొక యింట బారసాల. దినమునకు ఐదారుసార్లు నోరు తెరచి ప్రార్థింతుము. ఇన్ని ప్రార్థనలు చేయువానికి వేరుగా మరియొక ప్రార్థన ఎందుకు అనుకొంటిమి. వంటవాడు వాసనతోనే తన కడుపు నిండినదనుకొన్నట్లు, సంఘమునకు వడ్డించుచు మేము పస్తుంటిమి. ఆ ఆకలియైనను మాకు తెలియలేదు.

అది తెలిసిన రాత్రి ఒకటి యున్నది. మా పెద్దవానికి అప్పుడు ఏడేండ్లు. జ్వరము ముదిరి ఆసుపత్రిలో చేర్చితిమి. మూడవ రాత్రి డాక్టరు వచ్చి చూచి, ఏమియు చెప్పక వెళ్లిపోయెను. వరండాలో ఒక మూల మేమును మా సహధర్మచారిణియు మోకరించితిమి. మేము ప్రార్థన ప్రారంభించితిమి. సర్వశక్తిగల దేవుని స్తుతించితిమి, సకల సంఘములను జ్ఞాపకము చేసికొంటిమి, రోగులందరిని, వైద్యులందరిని, దేశమును ఏలువారిని ఆయన చేతికి అప్పగించితిమి. ఒక్క మాట తడబడలేదు. ఆమేన్ అనిన తరువాత ఆమె కన్నులు తుడుచుకొని మెల్లగా ఇట్లనెను.

"ఇది ఆదివారం ప్రార్థనండీ. మన పిల్లాడి గురించి మీరు దేవుడితో ఏమీ చెప్పలేదు."

ఆ మాట మాకు గ్రుచ్చుకొనెను. ఆమె లోపలికి వెళ్లిన తరువాత ఆ మూలనే కూర్చుంటిమి. ఎంతసేపటికి మాట రాలేదు. నేర్చుకొన్న మాటలన్నియు తీసివేయగా మాయొద్ద ఏమియు మిగులలేదు. తుదకు వచ్చినవి రెండే మాటలు: భయముగా ఉన్నది తండ్రీ, వీనిని తీసికొనిపోవద్దు. ఎన్నో ఏండ్ల తరువాత అది మా సొంత ప్రార్థన.

బిడ్డ కోలుకొనెను. దేవునికి స్తోత్రము. అయితే రహస్య ప్రార్థన చేసినందున బిడ్డ బ్రదికెనని చెప్పుటకు మేమిక్కడ నిలువలేదు. అదే వార్డులో ప్రక్క మంచము మీది బిడ్డ బ్రదుకలేదు. వాని తల్లియు ప్రార్థించినది, బహుశః మాకంటె నిజముగా ప్రార్థించినది. ఆమె ఎదుట నిలువబడి మేము ఏ లెక్కయు చెప్పలేము. ఒక్కటి మాత్రము చెప్పగలము. ఆ రాత్రి మాకు దొరికినది బిడ్డ ఆరోగ్యము మాత్రమే కాదు. పేరు పెట్టి పిలిచి నిజము చెప్పుకొనదగిన తండ్రి యున్నాడని తిరిగి తెలిసికొంటిమి.

షిలోహు మందిరములో హన్నాను జ్ఞాపకము చేసికొనుడి. ఆమె పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. అక్కడ కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె మత్తురాలై యున్నదనుకొనెను. ఎంత విచారకరమైన సంగతి! జీవితమంతయు మందిరములో గడపిన యాజకునికి తన కన్నుల ఎదుటనున్న నిజమైన ప్రార్థన గుర్తింపబడలేదు. అయినను ఆమె మనోదుఃఖము విని, సమాధానముతో వెళ్లుమని దీవించెను. ఏలీకి కలిగిన పొరపాటు నేడు మాకును కలుగవచ్చును, మీకును కలుగవచ్చును.

ప్రభువు జీవితమును చూడుడి. కపెర్నహూములో సాయంకాలము పట్టణమంతయు వాకిట కూడియుండెను. ఎందరినో స్వస్థపరచెను. అలసిన శరీరముతో మరునాడు ఇంకను చీకటి ఉండగనే లేచి అరణ్య ప్రదేశమునకు ఒంటరిగా వెళ్లెను. పని తక్కువైనందున ఆయన ప్రార్థించలేదు. పని ఎక్కువైనందున ప్రార్థించెను.

"అయ్యగారూ, ఒక్క గదిలో ఆరుగురం పడుకుంటాం, తలుపు ఎక్కడ వేసుకోమంటారు?" అని మాతో ఒక తల్లి అడిగినది. న్యాయమైన ప్రశ్న. ఇంగ్లాండులో జాన్ వెస్లీ తల్లి సూసన్నా పందొమ్మిది మంది బిడ్డలను కన్న తల్లి. ఇంటిలో చోటు లేక, ఏప్రను తలమీద కప్పుకొని ప్రార్థించెడిదని చెప్పుకొందురు. మన తల్లులకు చీరకొంగు ఉన్నది. పొలము గట్టు ఉన్నది. తెల్లవారకముందు పొయ్యి దగ్గర కొంతసేపు ఉన్నది. గోడలు లేని గదికి కూడ తలుపు వేయవచ్చును. ఇక మూడు గదులుండి, తలుపు గడియ పెట్టుకొని, చేతిలో ఫోను తెరచి కూర్చున్నవారి తలుపు మాత్రము వేసినట్లు కాదు.

లోపల ఏమి చెప్పవలెను? ఉన్నది చెప్పుడి. అప్పు ఉన్నయెడల అప్పు సంగతి చెప్పుడి. పొలము గట్టు విషయమై అన్నతో మాటలు లేనియెడల ఆ సంగతి చెప్పుడి. దేవుని మీదనే కోపమున్నయెడల అదియు చెప్పుడి. యిర్మీయాయు యోబును చెప్పిరి, ఆయన వారిని త్రోసివేయలేదు. మాటలు లేనప్పుడు ఊరకయుండుడి. అక్కడ మనలను మెచ్చుకొనువారు లేరు గనుక నటించవలసిన పని లేదు. అయితే ఒక హెచ్చరిక. అన్న సంగతి దేవునితో చెప్పినవాడు తలుపు తీసి బయటికి వచ్చిన తరువాత అన్న యింటికి వెళ్లవలసి యుండును. ఎదుటివారిని క్షమించుటను గూర్చిన బోధ అదే 6వ అధ్యాయములో ఉన్నది.

1909 లో తమిళ దేశమునుండి వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్లుకు వచ్చిరి. 1912 డిశెంబరు 29న కలకత్తాలో అధ్యక్షులుగా అభిషేకింపబడిరి. మన అధ్యక్ష ఖండపు నూరేండ్ల లెక్క అక్కడనుండియే. 1939 లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కథీడ్రలును చూచి అందరము సంతోషింతుము. దాని పునాదిరాళ్లను చూచినవారు మనలో ఎవరును లేరు. అవి ఉన్నవి గనుకనే గోపురములు నిలిచియున్నవి.

అట్టి పునాదిరాయి ఒకటి మన పల్లెలలోని పిడికెడు బియ్యము. మన అవ్వలు వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు దేవుని కొరకు వేరే కుండలో వేసిరి. ఆదివారము గుడికి తెచ్చిరి. ఆ బియ్యము అందరికి కనబడెను, గాని ప్రతిదినము ఆ పిడికిలి కుండమీద విప్పబడినప్పుడు చూచినవారు ఎవరు? ఇంటిలో వారికే చాలని దినమున కూడ వారు ఆ పిడికెడు తీసిరి. ఆ కుండ ఉన్న చోటే వారి కొట్టుగది. 'తమేయోన్' అను మాటకు అర్థము మేము గ్రంథములలో చదివితిమి, వారు చదువకయే ఎరిగియుండిరి.

ప్రియులారా, ఈ సంచికలో పేర్లును ఛాయాచిత్రములును అచ్చువేయబడుచున్నవి. ఆ అవ్వల పేర్లు ఇందులో లేవు. వారి వలన మనము నేడు ఇక్కడ ఉన్నాము. రాబోవు నూరేండ్లకు మనము ఇవ్వదగినది కూడ అట్టిదే: దినమునకు పిడికెడు సమయము. పది నిమిషములే అయినను, మిగిలిన తరువాత కాదు, వండుకొనకముందే తీసి వేరుగా పెట్టుడి. ఈ రాత్రి పందిరిలో దీపములు ఆర్పివేయబడిన తరువాత, మీ యింటికి వెళ్లి, మీ మాటలతో, మీ తండ్రితో ఒక్క నిజము చెప్పుడి. మేమును చెప్పుకొందుము.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.