ఇంటి కిటికీలను మార్చుకొనుట
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



పంటపనులు ముగిసి, తొలకరి పడుటకు ముందు మనకు చిక్కు ఈ రెండు నెలలు ఇంటి మరమ్మతులకు తగిన కాలము. గోడలు ఎండియుండును, కర్ర ఎండియుండును, ఇంటిలో చేతిసాయమునకు మనుష్యులు దొరకుదురు. ఈ సమయమున కిటికీలను గూర్చి మీతో కొన్ని మాటలు చెప్పదలచితిని. కిటికీయే కదా, వడ్రంగిని పిలిచిన చాలును, దానికొక ఉపన్యాసమా అని మీరనుకొనవచ్చును. కాని పిలిచిన దినముననే వచ్చు వడ్రంగి ఇప్పుడు ఎన్ని పల్లెలలో ఉన్నాడు? చెదలు తిన్న చట్రము, విరిగిన రెక్క, దానిపై కప్పిన గోనెపట్ట ఏండ్ల తరబడి అట్లే నిలిచియుండుటకు ఇదియు నొక కారణము. పాత కిటికీని తీసి అదే స్థలమున అదే కొలతకు క్రొత్తదానిని నిలుపుట ఇద్దరు మనుష్యులు ఒక్క దినములో చేసికొనగల పని. అయితే అందులో ఏది మన చేతిలోని పని, ఏది కాదు అను భేదము ముందుగా తెలియవలెను. తెలియనిచో కిటికీతోపాటు గోడయు మీద పడవచ్చును.

మొదట చేయవలసినది పరీక్ష. ఒక చాకు తీసికొని చట్రము క్రింది మూలలలో, అడ్డకర్ర గోడను తాకుచోట గట్టిగా గుచ్చి చూడుడు. వాననీరు నిలుచునది అక్కడనే, చెదలు ఎక్కునది అక్కడనే. చాకుమొన పావు అంగుళము దిగకమునుపే ఆగినచో చట్రము గట్టిగానున్నదన్నమాట. అట్టిచో చట్రమును కదపవలదు. రెక్కలను, బందులను, గడియలను మాత్రము మార్చిన చాలును. పాతకాలపు టేకు చట్రములను, చేవగల వేపకర్ర చట్రములను ఊడబెరికి, వాని స్థలమున పలుచని రేకు కిటికీలను పెట్టుచున్న ఇండ్లు అనేకము కనబడుచున్నవి. మన తాతలు వేసిన కర్ర ఇంకొక తరము నిలుచునదై యుండగా దానిని తీసివేయుట నాకు సమ్మతము కాదు. చాకు పిడివరకు దిగినపుడు మాత్రము చట్రమునే మార్చవలెను.

మార్చుటకు పూనుకొన్నప్పుడు, ఏ విధమైన కిటికీ పెట్టవలెనను ప్రశ్న వచ్చును. ఇప్పుడు అంగడిలో అల్యూమినియము కిటికీలు, యూపీవీసీ అను ప్లాస్టిక్కు కిటికీలు దొరకుచున్నవి. వీనికి చెదల భయము లేదు, వానకు ఉబ్బవు. సముద్రతీరమున ఇనుపచట్రము త్రుప్పుపట్టు చోట్ల ఇవి మేలు కూడ. కాని వీనిలో ఎక్కువగా అమ్ముడగునవి ప్రక్కకు జరుపు అద్దముల కిటికీలు. ఒక అద్దము రెండవదాని వెనుకకు పోవును గాని కిటికీ పూర్తిగా తెరచుకొనదు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీకి పదునారు చదరపుటడుగుల వెల యిచ్చి, ఎనిమిది చదరపుటడుగుల గాలిని తెచ్చుకొనుచున్నాము. రెండు రెక్కల పాత కిటికీ తెరచినచో దాదాపు అంత మేరయు గాలి వచ్చును. కావున ఏ పదార్థముతో చేసినదైనను, బందులపై తిరుగు రెక్కలు గల కిటికీనే అడిగి తీసికొనుడు.

ఎంత కిటికీ కావలెను? భారత జాతీయ భవన నిర్మాణ స్మృతిలో దీనికొక లెక్క కలదు. తేమయు వేడియు గల ప్రాంతములలో కిటికీలు, వెంటిలేటర్లు అన్నియు కలిపి గది నేల వైశాల్యములో ఆరవ వంతు ఉండవలెను. పొడిగా వేడిగానుండు ప్రాంతములలో పదియవ వంతు చాలును. మన కోస్తా గ్రామములకు మొదటి లెక్కయు, రాయలసీమ, తెలంగాణ మెట్టప్రాంతములకు రెండవ లెక్కయు సరిపోవును. పది అడుగులకు పండ్రెండడుగుల గది నూట ఇరువది చదరపుటడుగులు. కోస్తాలో దానికి ఇరువది చదరపుటడుగుల కిటికీలు కావలెను, మెట్టలో పండ్రెండు. మన పాత ఇండ్లలో సామాన్యముగా నుండు రెండడుగులకు మూడడుగుల కిటికీ ఆరు చదరపుటడుగులే. అనగా మెట్టలోనైనను అట్టివి రెండు కావలెను. ఆ రెండును ఎదురెదురు గోడలలో నుండినచో మరింత మంచిది. వచ్చిన గాలికి పోవు దారి లేనిచో అది లోనికి రాదు. కిటికీల సంఖ్య సరియా బేసియా అని పలుమారులు లెక్కించువారు, అవి తెరచుకొనుచున్నవా, ఎదుట బీరువా అడ్డముగా నున్నదా అని ఒక్కమారైనను చూచుకొనరు.

ఈ లెక్క విని ఉన్న కిటికీని పెద్దది చేయవలెనని మీకు తోచవచ్చును. అది మాత్రము సొంతముగా చేయదగిన పని కాదు. కిటికీ పైనున్న గోడ బరువును ఏదో ఒకటి మోయుచుండవలెను. సిమెంటు ఇండ్లలో ఆ బరువును లింటెలు మోయును. అది కిటికీకి ఇరువైపుల గోడలోనికి కొంతమేర చొచ్చి ఆనియుండును. ఖాళీని వెడల్పు చేసినచో ఆ ఆనిక పోవును. మట్టిగోడల ఇండ్లలోను, సున్నపుగోడల పాత మండువా ఇండ్లలోను లింటెలే ఉండదు. చట్రముపై పరచిన కర్రపలకలు, కొన్నిచోట్ల చట్రపు పై అడ్డకర్రయే గోడను మోయుచుండును. చెదలు తిని గుల్లయైన అడ్డకర్ర కూడ బరువు మోయుచునే యుండును. దానిని లాగినప్పుడు గాని ఆ సంగతి తెలియదు. కనుక పని మొదలుపెట్టకముందే కిటికీకి పైన పూత కొంచెము గీకి, అచ్చట లింటెలు ఉన్నదో పలకలున్నవో చూడుడు. లింటెలు కనబడినచో, దానిలో పగుళ్లు లేనిచో, నిర్భయముగా ముందుకు పోవచ్చును. పలకలున్నచో, లేక పై మూలలనుండి ఏటవాలుగా బీటలు కనబడినచో, తాపీమేస్త్రిని పిలువుడు. అతడు ఊతకర్రలు పెట్టి బరువు నిలిపిన తరువాతనే చట్రమును తీయవలెను. ఇచ్చట కూలి మిగుల్చుకొనరాదు.

ఇక కొలతలు. వెడల్పును పైన, మధ్య, క్రింద మూడుచోట్ల కొలువుడు. ఎత్తును గూడ మూడుచోట్ల కొలువుడు. పాత గోడలలో ఈ మూడును ఒక్కటిగా నుండుట అరుదు. అన్నిటిలో చిన్నదానిని తీసికొని, దానికి ఒక అంగుళము తక్కువగా చట్రము చేయించవలెను. అప్పుడు ప్రతి ప్రక్కను అర అంగుళము సందు మిగులును. ఆ సందు లేనిచో చట్రమును సరిచేయుటకు వీలుండదు. కర్ర కొనునప్పుడు చేవ చూచి కొనుడు. చేవ చుట్టునుండు లేతభాగమును చెదలు ముందుగా తినును. పచ్చికర్రతో చేసిన చట్రము మొదటి వేసవికే వంకర తిరుగును.

పాత కిటికీని తీయునప్పుడు ముందుగా ఆ గోడలో విద్యుత్తు తీగ పోవుచున్నదేమో చూచి, అట్లున్నచో మెయిను ఆపివేయుడు. తరువాత రెక్కలను ఊడదీయుడు. త్రుప్పుపట్టిన మరలకు ముందురాత్రి కిరసనాయిలు చుక్కలు వేసి ఉంచినచో కదలును. పిమ్మట సుత్తితో గోడను కొట్టకుడు. నిలువు కర్రను నడుమ రంపముతో కోసి, రెండు ముక్కలను లోపలివైపు వంచి లాగినచో చట్రము తనంతట వచ్చును. గోడలో దిగియున్న ఇనుపపట్టీలను హాక్సా బ్లేడుతో కోయవలెను.

పాత రంగును గూర్చి తల్లులకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. పూర్వము ఇంటి రంగులలో సీసము ఎక్కువగా కలిపెడివారు. 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించి సీసము ఉండరాదు. అంతకు ముందు వేసిన రంగును నమ్మరాదు. దానిని ఎండగా గీకినప్పుడు లేచు దుమ్ము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. కనుక రంగును నీటితో తడిపి గీకుడు, మంటతో కాల్చి తీయకుడు. ఆ దినమున పిల్లలను, గర్భిణులను ఆ ప్రక్కకు రానీయకుడు. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువుడు.

క్రొత్త చట్రమును నిలుపుటకు ముందు గోడవైపున ఉండు మూడు ముఖములకు, క్రింది ముఖమునకు తారుగాని ప్రైమరుగాని పూయవలెను. నిలిపిన తరువాత ఆ ముఖములు మరల మన కంటికి కనబడవు. కర్రచీలికలను సందులలో దిగగొట్టి, గుండుతాడుతో నిలువును, రసమట్టముతో అడ్డమును చూడుడు. మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలువుడు. రెండును సమానమైనప్పుడే చట్రము చదరముగా నున్నట్లు. ఈ ఒక్క కొలతను విడిచినచో రెక్క ఎన్నడును సరిగా మూసికొనదు. ప్రతి ప్రక్కను రెండు లేక మూడు ఇనుపపట్టీలను గోడలో దింపి కాంక్రీటుతో కప్పి, సందులను సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్లు కలిపిన అడుసుతో నింపి, వారముదినములు తడుపుడు. మట్టిగోడకైనచో సిమెంటు వాడకుడు. అది మట్టిని పట్టుకొనదు, తేమను లోపల బంధించును, ఏడాది తిరుగకముందే పెచ్చుగా ఊడును. దానికి మట్టియే, లేక సున్నమే తగును. క్రింది గట్టును బయటికి వాలుగా దిద్దుట మరువకుడు. పాత చట్రము కుళ్లుటకు కారణము అనేకచోట్ల ఆ వాలు లేకపోవుటయే.

రెక్కకు, చట్రమునకు నడుమ రెండు రూపాయి బిళ్లలు ఒకదానిపై నొకటి పెట్టినంత సందు విడువవలెను. వేసవిలో బిగువుగా దిగిన కర్రరెక్క శ్రావణమాసములో ఉబ్బి పట్టుకొనును. అప్పుడు చిత్రిక పట్టినచో మరుసటి వేసవిలో సందు వెడల్పగును.

సముద్రతీర గ్రామములవారు గడియల విషయమున శ్రద్ధ వహింపవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు అనేక భవనముల అద్దములు పగిలిపోయినవి. పగిలినది అద్దమే కదా అనుకొనరాదు. గాలివాటునున్న కిటికీ తెరచుకొన్నచో లోనికి చొచ్చిన గాలి కప్పును క్రిందనుండి పైకి తన్నును, బయటిగాలి పైనుండి లాగును. రేకులు ఎగురుట ఇట్లే జరుగును. కనుక అచ్చట అద్దమునకు తోడు చెక్కరెక్కలుండి, వానికి పైనను క్రిందను రెండు గడియలు ఉండవలెను.

దోమతెరకు రంధ్రములు ఒక మిల్లీమీటరుకు కొంచెము పైగా ఉండిన చాలును. తెర గాలిని కొంత ఆపును, అది నిజము. కాని డెంగీ దోమ పగలు కుట్టును, మలేరియా దోమ ప్రొద్దుగ్రుంకిన పిదప కుట్టును. కావున పగలు విడిచి రాత్రిమాత్రము వేయు తెర సగము పనియే చేయును. తెరను కదలు చట్రమునకు బిగించినచో నెలకొకమారు తీసి కడుగవచ్చును. దుమ్ము పట్టిన తెర నుండి గాలి రాదు.

వంటగది సంగతి వేరు. కట్టెపొగ వేడిగానుండి పైకి పోవును గనుక దానికి కప్పుక్రింద ఎత్తున వెంటిలేటరు కావలెను. సిలిండరులోని గ్యాసు గాలికంటె బరువైనది. అది కారినచో నేలపై పరచుకొని నిలుచును, ఎత్తైన కిటికీ దానిని బయటికి పంపలేదు. రెండు విధముల పొయ్యిలును వాడు ఇండ్లలో పైన ఒక వెంటిలేటరు, నేలను ఆనుకొని తలుపు అడుగుననో గోడలోనో జాలీ వేసిన ఒక రంధ్రము అవసరము. గోడలో జాలీ పెట్టునపుడు పాము, ఎలుక దూరకుండ సన్నని కన్నులున్నదానిని ఎంచుకొనుడు.

ఊడదీసిన పాత కర్రలో గట్టి ముక్కలను కోళ్లగూటికో, అటకకో వాడుకొనవచ్చును. రంగు వేసిన ముక్కలను మాత్రము నీళ్లకాగు క్రింద మంటకు పెట్టకుడు. ఆ సీసమే పొగలోనికి, బూడిదలోనికి వచ్చును. ఆ బూడిదతోనే మన ఇండ్లలో అంట్లు తోముదురు.