జపానుకు వచ్చిన మనవారికి ఏమి చూపించాలి?

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము మలేషియా తోటల్లో పుట్టి పెరిగిన మూడవ తరం తెలుగువాళ్ళం. ఉద్యోగరీత్యా టోక్యో నగరంలో కాపురం ఉంటున్నాము. జపాను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. పర్యాటక పుస్తకాలలో దొరికే సంగతులు మళ్ళీ వల్లించడం మా ఉద్దేశం కాదు. మా ఇంటికి వచ్చిన మనవారికి ఆ దేశం చూపించేటప్పుడు ఎదురైన ప్రశ్నలను, వాటివల్ల మేము తెలుసుకున్నదానిని మీకు మనవి చేస్తాము.

పరాయిదేశంలో కాపురమున్నవారి పరిస్థితి చిత్రమైనది. వచ్చినవారి దృష్టిలో మేము ఇంటివాళ్ళం. ఊరివాళ్ళ దృష్టిలో మేమూ చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళమే. మావలె అక్కడ కాపురమున్న విదేశీయులు పదహారేళ్ళు నిండినవారైతే నివాస కార్డు జేబులో పెట్టుకునే తిరగాలి. దేశమంతా తిరిగేందుకు పనికివచ్చే రైలు పాసు తాత్కాలికంగా వచ్చిన సందర్శకులకే ఇస్తారు గాని, మావంటి ఉద్యోగస్తులకు ఇవ్వరు. ఏడు రోజుల పాసు ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. అయినా దూరప్రయాణాలు చేసేవారికి అది లాభమే. ఒకే రైలులో పక్కపక్కనే కూర్చుంటాము. వారు పాసు చూపిస్తారు, మేము టికెట్టు కొనుక్కుంటాము.

వచ్చినవారిని మొదటిరోజు యమనోతె రైలెక్కిస్తాము. నగరం చుట్టూ 34.5 కిలోమీటర్లు వలయంగా తిరిగే ఈ మార్గంలో 30 స్టేషన్లున్నాయి. గంటసేపు కిటికీ పక్కన కూర్చుంటే ఊరు ఎంత పెద్దదో తెలుస్తుంది, ప్రయాణపు బడలికా తీరుతుంది.

రెండవ సమస్య భోజనం. మాంసం లేదని చెప్పిన పులుసులో కూడా ఎండబెట్టిన చేప తురుముతో కాచిన రసం ఉంటుంది. దానిని 'దాషి' అంటారు. అందుచేత శాకాహారులు మాంసం వద్దంటే చాలదు, చేప రసం కూడా వద్దని విడమరచి చెప్పాలి. బౌద్ధ మఠాలలో 'షోజిన్ ర్యోరి' అనే శుద్ధ శాకాహారం దొరుకుతుంది. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. దారిలో ఆకలి వేస్తే అన్నం ముద్ద మధ్య 'ఉమెబోషి' పెట్టి అమ్ముతారు. అది ఉప్పులో ఊరవేసిన పుల్లని పండు. మా అత్తయ్యగారు ఒకరు అది తిని, "కారం వెయ్యడం మరిచిపోయారు గాని, ఇది ఊరగాయ ముద్దేనర్రా!" అన్నారు.

ఇక చూడవలసినవి. కొత్తది చూసినప్పటికంటె, కొత్తచోట తెలిసినది కనబడినప్పుడు మనవారి ముఖాలు ఎక్కువగా వికసిస్తాయి. ఉఎనో తోటలో షినొబజు చెరువు నడుమ బెంజైతెన్ అనే దేవత గుడి ఉంది. ఆమె మన సరస్వతీదేవియే. వీణకు బదులు 'బివా' అనే వాద్యం పట్టుకుంటుంది. కిచిజోతెన్ మన లక్ష్మీదేవి. నారా పట్టణంలోని తోదైజి ఆలయంలో సుమారు 15 మీటర్ల ఎత్తున కంచు బుద్ధ విగ్రహం ఉన్నది. 752లో ఆ విగ్రహానికి కన్నులు తెరిపించిన ఆచార్యుడు బోధిసేనుడు 736లో జపాను చేరిన భారతీయ భిక్షువు. ఆయన పట్టిన కుంచెకు దారాలు కట్టి, ఆ దారాలను అక్కడ చేరిన జనం పట్టుకున్నారట. నాగార్జునకొండ పేరుతో మనం తలచుకునే ఆచార్య నాగార్జునుని అక్కడివారు 'ర్యూజు' అనే పేరుతో తమ బౌద్ధ శాఖలన్నిటికీ మూలపురుషులలో ఒకరుగా గౌరవిస్తారు.

పిల్లలకు నచ్చేది మరొకటి ఉంది. జపానీయుల అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. చ వర్గం చోట స, ప వర్గం చోట హ వచ్చాయి గాని, క్రమం మన గుణింతపు పుస్తకంలోనిదే. బౌద్ధ భిక్షువులు సంస్కృత వర్ణమాల చదువుకున్నందువల్ల ఈ వరుస ఏర్పడింది. పైగా మన మాటలవలెనే వారి మాటలూ చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, క్రియ వాక్యం చివరనే వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు జపానీసు వాక్యం తలకిందులుగా తోచదు.

ఇంతవరకు చెప్పినవి సంతోషం కలిగించే విషయాలు. ఇక చెప్పబోయేది ఈ సభలో చాలామంది కుటుంబాలకు తగిలే సంగతి.

1941 డిసెంబరు 8న జపాను సైన్యం కోట భారులో దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. ఆ పైన జరిగినది మన ఇళ్ళల్లో రెండు విధాలుగా చెప్పుకుంటారు. కొన్ని ఇళ్ళల్లో నేతాజీ కథ చెబుతారు. 1943 అక్టోబరు 21న సింగపూరులో ఆయన ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. కొన్ని ఇళ్ళల్లో సయాం రైలు కథ చెబుతారు. 415 కిలోమీటర్ల ఆ మార్గానికి అదే అక్టోబరు 25న ప్రారంభోత్సవం జరిగింది. రెండింటికీ నడుమ నాలుగు రోజులే. తోటల నుంచి తీసుకుపోయిన కూలీలలో తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు.

ఒక సంవత్సరం మా ఇంటికి ఈ రెండు రకాల కుటుంబాలవారూ కలిసి వచ్చారు. పైన చెప్పిన అత్తయ్యగారి తల్లి తన చేతి గాజులు నేతాజీ నిధికి ఇచ్చినావిడ. ఆమె రెంకోజి చూడాలన్నారు. సుగినామి పేటలోని ఆ చిన్న ఆలయంలో నేతాజీవిగా చెప్పే అస్థికలను 1945 నుంచి భద్రపరిచారు. 1957లో నెహ్రూగారు అక్కడికి వచ్చారు. ఆవరణలోని నేతాజీ విగ్రహం ముందు అత్తయ్యగారు కొబ్బరికాయ కొట్టాలన్నారు. అక్కడ ఆ ఆచారం లేదని చెప్పి, పూలు పెట్టించాము.

ఆవిడతో వచ్చిన పెద్దాయనకు ఎనభై ఏళ్ళు దాటాయి. ఆయన ఒళ్ళో పిల్లవాడుగా ఉన్నప్పుడే తండ్రిని రైలు పనికి తీసుకుపోయారు. ఆయన ఫూజీ పర్వతం అడగలేదు, బుద్ధుని అడగలేదు. "ఆ రైలింజను ఒకటి ఇక్కడ ఉందటగదా, చూపించండర్రా" అన్నారు. ఉంది. సయాం రైలుమార్గంలో నడిచిన సి56 తరగతి 31వ నంబరు ఇంజనును 1979లో జపానుకు తిరిగి తెచ్చారు. టోక్యోలో యాసుకుని ఆలయానికి చేరిన యూషూకాన్ ప్రదర్శనశాల ముందు హాలులో ఉంచారు.

చూపించాలా వద్దా అని మేమిద్దరం రాత్రి చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. సరదాగా వచ్చిన మనిషిని ఏడిపించడమెందుకని ఒక మాట. మనం బ్రతుకుతున్న దేశంమీద ఆయనకు కోపం రప్పించడమెందుకని ఇంకొక మాట. చివరకు, అడిగినది ఆయన, తండ్రి ఆయన తండ్రి, కాదనే అధికారం మనకు లేదని తీర్మానించుకున్నాము.

ఆయన ఇంజను చుట్టూ నెమ్మదిగా ఒకసారి నడిచారు. "ఇంత చిన్నదా!" అన్నారు. అంతే. కాంచనబురి యుద్ధ శ్మశానంలో యుద్ధఖైదీలకు సుమారు 7,000 సమాధులున్నాయి, పేర్లున్నాయి. మన కూలీలకు అటువంటి పేర్ల రాళ్ళు లేవు. ఆయనకు తండ్రి గుర్తుగా కళ్ళారా కనబడినది ఆ ఇనుము ఒక్కటే.

ఆ సాయంత్రం పక్కింటి అవ్వగారు పండ్లు తీసుకుని పలకరించడానికి వచ్చారు. ఎక్కడికి వెళ్ళివచ్చారని అడిగితే మా అమ్మాయి దాచకుండా చెప్పింది. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, తన తండ్రి కూడా సైనికుడుగా బర్మా వెళ్ళి తిరిగి రాలేదని, ముఖం గుర్తులేదని అన్నారు. పెద్దాయనకు తెలుగు, మలయా భాషలే వచ్చు. అవ్వగారికి జపానీసు ఒక్కటే. మా అమ్మాయి నడుమ కూర్చుని గంటసేపు ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పింది. "మీ అమ్మగారు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా?" "తిండికి ఏం చేశారు?" ఇటువంటివే వారు అడుగుకున్న ప్రశ్నలు. క్షమాపణలు, తీర్పులు ఎవరూ ఎత్తలేదు. తండ్రిని తీసుకుపోయినవారిని మన్నించానని పెద్దాయన అనలేదు. అనమని ఎవరూ అడగనూ లేదు. వెళ్ళేటప్పుడు మాత్రం అవ్వగారికి రెండు చేతులూ జోడించారు.

ఇదంతా చెప్పడంలో మా విన్నపం రెండు మాటలు. మనం ఏ దేశంలో ఉన్నా, వచ్చినవారికి ఆ దేశం అందమైన ముఖం ఒక్కటే చూపించి పంపవద్దు. వారు అడిగినది కూడా చూపించండి. రెండవది, ఆ రాత్రి మా అమ్మాయికి తెలుగు రాకపోతే ఆ ఇద్దరూ పండ్లు తిని, నవ్వుకుని విడిపోయేవారు. పిల్లలకు తెలుగు దేనికి పనికివస్తుందని అడిగేవారికి మేము ఈ సంగతే చెబుతున్నాము. మీ ఇళ్ళల్లో పెద్దలు ఇంకా ఉన్నారు. వారి తండ్రుల పేర్లు, ఊళ్ళు, తోటల పేర్లు పిల్లలచేత ఈ పండుగకే రాయించండి.

టోక్యో వచ్చేవారికి మా ఇంట్లో పడక, భోజనం ఎప్పుడూ ఉంటాయి. ఊరగాయ మాత్రం మీరే తెచ్చుకోవాలి.